వేషనిర్మాణ వినోదము

పండుగ యొక్కనాటిది; పండుగ సన్నాహము పదినాళ్లది. అరిసె నోటికి దక్కునది ఒక్క నిమిషము. బియ్యము నానబోసి, దంచి, జల్లించి, పాకము పట్టుటలో ఇంటిల్లిపాదికిని కలుగు సందడి మాత్రము వారము దినములు నిలుచును. వేషనిర్మాణమును వినోదవ్యాసంగముగా గైకొన్న నేటి యువజనుల సంగతియు నిట్టిదే. వారు ఏడాదికి ఒకటి రెండు పర్యాయములు అభిమానుల మహాసభకు వేషములు ధరించి పోవుదురు. ఆ సభ రెండు మూడు దినములలో ముగియును. తక్కిన మాసములన్నియు వారికి కత్తెరతోడను, సూదితోడను, టేపుతోడను, జిగురుతోడను గడచును. ఈ పాఠమున మనము ముఖ్యముగా చెప్పుకొనబోవునది ఆ సభలనుగూర్చి కాదు. రెండు సభల నడుమనున్న ఆ మాసములనుగూర్చి.

అయినను, ఆ సభలెట్టివో కొంత తెలియవలెను. కల్పనాకథలయందును, బొమ్మలకథల పుస్తకములందును, చలనచిత్రములందును అభిమానము గలవారు ఒకచోట గూడి, తాము మెచ్చిన రచయితలను, చిత్రకారులను చూచి, పుస్తకములు కొనుక్కొని, ప్రియమైన పాత్రల వేషములు ధరించి తిరుగుట వానియందలి ఆచారము. అమెరికాలోని శాన్ డియేగో నగరమున 1970లో ఆరంభమైన కామిక్ కాన్, జపానులోని టోక్యో నగరమున 1975లో ఆరంభమైన కామిక్ మార్కెట్ లోకప్రసిద్ధములు. మన దేశమున కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలయ్యెను; 2013లో హైదరాబాదునందును జరిగెను. పాత్రల వేషములు ధరించు ఈ వినోదమునకు 'కాస్‌ప్లే' యని పేరు. వేషమను అర్థము గల 'కాస్ట్యూమ్', ఆట యను అర్థము గల 'ప్లే', ఈ రెండు మాటలను కుదించి అతికి, నొబుయుకి తకహషి యను జపాను దేశీయుడు 1983లో ఒక పత్రికయందు ఈ పేరును ప్రయోగించెను. ఆ మాట సైతము కత్తిరించి కుట్టినదే!

మాట పుట్టకముందే పని పుట్టినది. 1939వ సంవత్సరము జూలై నెలలో న్యూయార్కు నగరమున వైజ్ఞానిక కల్పనాకథల అభిమానుల మొదటి ప్రపంచసభ జరిగెను. దానికి వచ్చినవారు సుమారు రెండువందలమంది. అందఱును మామూలు దుస్తులవారే. వారి నడుమ లాస్ ఏంజెలిస్ నుండి వచ్చిన ఫారెస్ట్ ఆకర్‌మన్ అను ఇరువదిరెండేండ్ల యువకుడును, మిర్టిల్ డగ్లస్ అను వనితయు భావికాలపు మనుష్యులవలె వేషములు ధరించి ప్రత్యక్షమైరి. 1936లో వెలువడిన 'థింగ్స్ టు కమ్' అను చలనచిత్రమును, ఫ్రాంక్ పాల్ అను చిత్రకారుని బొమ్మలను చూచి రూపొందించిన వేషములవి. మఱుసటి యేడు షికాగో నగరమున జరిగిన రెండవ సభలో వేషధారుల ఉత్సవమునే ఏర్పాటు చేసిరి. అది మొదలు వేషము లేని సభ లేదని చెప్పవచ్చును.

ఆకర్‌మన్ పేరు ఆ వేషముతో పాటు ఎన్నో వ్యాసములకెక్కెను. కాని ఆ రెండు వేషములను కుట్టినది మిర్టిల్ డగ్లస్. ఆమె పేరు చాలకాలము మఱుగున పడియుండెను. ఈ వినోదచరిత్రను వ్రాయువారు ఇటీవలనే ఆమెకు తగిన స్థానమిచ్చుచున్నారు. వేషము వేసికొన్నవానిని లోకము చూచును, కుట్టినవానిని చూడదు. మన నాటకములయందును అంతియే గదా! కృష్ణపాత్రధారికి చప్పట్లు, ఆయన కిరీటమునకు తళుకులు అంటించినవాడు తెరవెనుక దీపము క్రింద కూర్చుండును. కాస్‌ప్లే వ్యాసంగమునందు ఈ అన్యాయము చాలవఱకు తీరినది. ఇచ్చట తఱచుగా కుట్టినవారే ధరింతురు, ధరించినవారే కుట్టుదురు. "ఇది నీవే చేసితివా?" యను ప్రశ్నయే అచ్చటివారికి మొదటి ప్రశంస.

పోటీలయందు ఈ గౌరవమునకు ఒక పద్ధతియు నేర్పడినది. ప్రపంచసభలందు వేషనిర్మాతలను క్రొత్తవారు, నడిమిమెట్టువారు, నిపుణులు అని తరగతులుగా విభజింతురు. మొన్న సూది పట్టినవాడు ముప్పదియేండ్లుగా పండినవానితో తలపడనక్కఱలేదు. వేదికమీది ప్రదర్శనమునకు బహుమానము వేఱు, పనితనమునకు బహుమానము వేఱు. పనితనమును పరీక్షించు నిర్ణేతలు వేషమును దగ్గఱగా చూతురు. అంచు ఎట్లు మడిచిరి, అతుకు ఎట్లు దాచిరి, లోపలి కుట్టు ఎట్లున్నది అని త్రిప్పి చూతురు. ఇది మంచి న్యాయము. మన పాఠశాలలలో ఆఱవ తరగతివానిని పదవ తరగతివానిని కలిపి కూర్చుండబెట్టి చిత్రలేఖనపు పోటీ జరుపుటను నేను పలుమాఱులు చూచియున్నాను.

ఇక పనిలోనికి పోవుదము. సభ ముగిసి యింటికి వచ్చిన వారమునకే 'ఇక ముందు ఏ వేషము?' అను ఆలోచన మొదలగును. ఒక పాత్రను మెచ్చుకొనుట సులభము. దాని దుస్తులను మన చేతితో చేయబూనినప్పుడు గాని, ఆ పాత్రను మనము సరిగా చూడనేలేదని తెలియదు. నడికట్టు తోలుదా, గుడ్డదా? భుజకవచము ఎడమవైపుననే కలదా, రెండువైపుల కలదా? అన్నిటికంటె పెద్ద చిక్కు మఱియొకటి కలదు: బొమ్మకు వీపు లేదు, మనుష్యునకు వీపు గలదు. చిత్రకారుడు గీసిన అంగరకాకు గుండీలెచ్చటనో అతడు చెప్పడు. గాలిలో తేలు పైవస్త్రము భుజమునకు దేనితో తగిలింపబడినదో అతనికి పట్టదు. అతడు గీసిన వీరుడు కూర్చుండనక్కఱలేదు, మెట్లు దిగనక్కఱలేదు, మంచినీరు త్రాగనక్కఱలేదు. వేషమును చేయువానికి ఇవన్నియు కావలెను. కావున అతడు దొరికిన బొమ్మలన్నిటిని ముందుంచుకొని, దొరకని వెనుకభాగమును ఊహించి, ముందు, ప్రక్క, వెనుక అని మూడు చిత్తరువులు గీసికొనును. చూచుట యనగా నేమో అప్పుడు తెలియును.

తరువాత కొలతలు. గణితమన్న భయపడు విద్యార్థులు ఈ చోట కొంచెము ఓపిక పట్టవలెను. నడుమునుండి గొడుగువలె విప్పారు గుండ్రని పావడా నొకదానిని కుట్టవలెననుకొందము. నడుము చుట్టుకొలత 66 సెంటీమీటర్లు. నిడివి 60 సెంటీమీటర్లు. పఱచినచో అది నడుమ రంధ్రము గల వృత్తము. రంధ్రపు పరిధి 66 కావున, దాని వ్యాసార్ధము పదిన్నర సెంటీమీటర్లు. దీనికి నిడివిని కలిపినచో వెలుపలి వృత్తపు వ్యాసార్ధము డెబ్బదిన్నర. అనగా వెడల్పు 141 సెంటీమీటర్లు. అంగడిలో మనకు దొరికిన గుడ్డ పన్న 112 సెంటీమీటర్లే యైనచో వృత్తము దానిలో ఇముడదు. అప్పుడేమి చేయవలెను? వృత్తమును రెండు అర్ధవృత్తములుగా చేసి, వాని వ్యాసములను గుడ్డ పొడవున నుంచి ఒకదాని తరువాత నొకటి కత్తిరింపవలెను. కుట్టునకు విడువవలసిన అంచును కలుపుకొని మూడు మీటర్లు చాలును. పుస్తకములోని ఇరువదిరెండు బై ఏడు ఇచ్చట గుడ్డ ఖర్చును నిర్ణయించుచున్నది. తప్పినచో మార్కు పోదు. మూడు మీటర్ల గుడ్డ పోవును.

అందుచేత అనుభవము గలవారు మంచి గుడ్డమీద నేరుగా కత్తెర వేయరు. పాతదుప్పటితోనో, ముతక నూలుగుడ్డతోనో మొదట ఒక నమూనా కుట్టి, తొడిగి, చేతులెత్తి, వంగి, కూర్చుండి చూతురు. బిగువైనచోట విప్పుదురు, వదులైనచోట సుద్దతో గుర్తింతురు. ఆ దిద్దిన నమూనాను విప్పి కాగితముమీద గీసికొన్నపుడే అసలు గుడ్డ బయటికి వచ్చును. నూలుగుడ్డను ముందుగా నీటిలో తడిపి ఆరబెట్టవలెను. లేనిచో వేషము మొదటి ఉతుకునకే కుంచించుకొనిపోవును. గుడ్డకు పడుగు, పేక యని రెండు దారులు గలవని మన చేనేత యిండ్లలో పుట్టిన పిల్లలకు చెప్పనక్కఱలేదు. ఆ దారుల వెంబడి గుడ్డ గట్టిగా నిలుచును. ఐమూలగా లాగినచో సాగును. గుండ్రని పావడాలో గుడ్డ కొన్నిచోట్ల దారివెంబడియు, కొన్నిచోట్ల ఐమూలగాను వ్రేలాడును గదా! కుట్టిన వెంటనే అంచు మడిచినచో నాల్గు దినములకు అది ఎగుడుదిగుడగును. కావున ఒక పగలు, ఒక రాత్రి కొక్కెమునకు వ్రేలాడదీసి, సాగవలసినంత సాగనిచ్చి, పిమ్మట అంచును సరిచేయుదురు. తొందరపడువానికి ఈ పని పనికిరాదు.

సూది పట్టుట ఆడువారి పని యని ముక్కు విఱుచు బాలురు కొందఱు కలరు. ఊరి దర్జీని ఒకమాఱు చూచిరండు.

కవచములు, కిరీటములు, ఖడ్గములు గుడ్డతో కావు. పూర్వము అట్టలతోడను, కాగితపు గుజ్జుతోడను చేయుచుండిరి. నేడును క్రొత్తవారికి అట్టయే మేలు. అయితే ఈ వ్యాసంగమున ఇప్పుడు విరివిగా వాడబడునది ఈవీఏ యను మెత్తని నురుగుపలక. పసిపిల్లలు ఆడుకొనుటకు నేలపై పఱచు రంగురంగుల పలకలు సాధారణముగా ఈ జాతివే. పదునైన కత్తితో కోసినచో అది వెన్నవలె తెగును. వేడిగాలి చిమ్ము యంత్రముతో కాచినచో దాని పైనున్న సన్నని రంధ్రములు మూసికొని నునుపెక్కును. వేడిగా నున్నపుడు వంచి, చల్లారువఱకు పట్టుకొన్నచో ఆ వంపు నిలిచిపోవును. చదునైన పలక ఈ విధముగా భుజము నంటిన కవచమగును. అతుకుటకు వాడు జిగురునకు ఒక నియమము గలదు: రెండు అంచులకును పూసి, చేతికంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు ఒత్తవలెను. అంటిన పిదప సవరించుటకు వీలులేదు. ఆ జిగురు ఆవిరియు, కాచినపుడు లేచు పొగయు మంచివి కావు. కిటికీలు తెఱచి, ముక్కునకు తగిన ముసుగు వేసికొని, పెద్దలు దగ్గఱనుండగా మాత్రమే విద్యార్థులు ఈ పని చేయవలెను.

ఇనుపరేకు ఉండగా ఈ నురుగెందులకని మీరడుగవచ్చును. బరువు గదా కారణము! ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒంటిపై మోయవలసిన దానిని కూలివాడు సైతము ఇనుముతో చేసికొనడు. పైగా సభలలో నిజమైన కత్తులను రానీయరు. ద్వారమునొద్దనే ఆయుధములను పరీక్షింతురు. ఈ చిక్కు మన పూర్వులకును తెలియును. కూచిపూడి నర్తకుల ఆభరణములు సంప్రదాయముగా బూరుగువంటి తేలికకఱ్ఱతో చేసినవి. చూచువానికి బంగారమే, నర్తకునికి బరువు లేదు. కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱను కోరుటయు దాని తేలికను, మెత్తదనమును ఎఱిగియే. పదార్థము మాఱినది గాని యుక్తి మాఱలేదు.

ఈ సందర్భమున మన పగటివేషములను తలపక విడువరాదు. రాత్రివేళ దీపముల వెలుగున ఆడు నాటకమునకు దూరమే రక్ష. ముతక కుట్టు కనబడదు; గాజుపూస రత్నమగును. పగటివేషగాడు పట్టపగలు, ఎండలో, ఇంటి అరుగు ముందట, మూరెడు దూరమున నిలుచును. అతని వేషమును ఇల్లాలు చూచును, ముసలమ్మ చూచును, తోక పట్టుకొని లాగుటకు పిల్లవాడును సిద్ధముగా నుండును. అర్ధనారీశ్వర వేషమున ఒకే మనిషి సగము శివుడు, సగము పార్వతి. నడుమ తెరను ఇటునటు త్రిప్పుచు రెండు పాత్రలను నడుపును. ఆ సగము సగము మేకపు గీత నుదుటినుండి గడ్డమువఱకు చెదరక నిలుచుటలోనే అతని విద్య యున్నది. నేటి అభిమానసభలో వేషధారికి వచ్చిన పరీక్షయు ఇదియే. అచ్చట వేదిక యొక్కటే కాదు, నడవ యంతయు వేదికయే. పగటి వెలుగున, చేయి చాచినంత దూరమున జనులు చూతురు. కావున హైదరాబాదు సభలో నురుగుకవచము తొడిగి నిలిచిన బాలుడు, తానెఱుగకపోయినను, సురభి నాటకసమాజమువారికంటె పగటివేషగాండ్రకే దగ్గఱి చుట్టము.

ఇంతవఱకు వచ్చిన పిదప వేషము క్రొత్తగా, శుభ్రముగా నుండును. చిత్రమేమనగా, అదియే దాని లోపము. యుద్ధములు చేసిన వీరుని చొక్కాయి పెండ్లికొడుకు చొక్కాయివలె మెఱయునా? అందుచేత నిర్మాతలు కష్టపడి చేసినదానిని కష్టపడి పాతబఱతురు. తెల్లని నూలుగుడ్డను టీనీటిలో నానబెట్టి మసకబాఱినట్లు చేయుదురు. మోచేతులకడ, మోకాళ్లకడ గరుకు కాగితముతో రుద్దుదురు. కవచపు అంచులకు వెండిరంగును పొడికుంచెతో తాకించి, పైపూత అరిగి లోహము బయటపడినట్లు భ్రమింపజేయుదురు. ఒక వస్త్రము ఎచ్చట మొదట చిరుగును, ఎచ్చట మట్టి యంటును అని ఆలోచించుటకు ఆ వ్యక్తి ఏమి పని చేయునో, ఏ చేతిని ఎక్కువ వాడునో ఊహింపవలెను. కథను చదువుటలో ఇదియు నొక విధము.

అన్నియు ఇంత చక్కగా జరుగునని తలంపకుడు. పని వాయిదా వేసి చివరి వారమున రాత్రింబవళ్లు మేలుకొని, వేలికి సూది గ్రుచ్చుకొని, రంగు ఆరకముందే తొడిగి, ప్రయాణములో సగము కుట్టువారు ప్రతి సభకును కలరు. అది వినోదము కాదు, శిక్ష. మోజులో పడి తల తిక్క పనులు చేయువారును లేకపోలేదు. 1972లో లాస్ ఏంజెలిస్ సభలో ఒకడు తన వేషమునకై ఒంటినిండ వేరుసెనగ ముద్దను పూసికొని వచ్చెను. దీపముల వేడిమికి అది కరగి కంపు కొట్టెను, ప్రక్కవారి పట్టుబట్టలకు అంటెను, ఆసనములు పాడయ్యెను. అది మొదలు వేషధారులు వేరుసెనగ ముద్దను పూసికొని రాకూడదను కట్టుబాటు ఏర్పడినది. ఏండ్లు గడచినను ఆ మాటను చెప్పుకొని నవ్వుచుందురు.

వ్యయముమాట యేమి? సిద్ధముగా కుట్టిన వేషములు అంగళ్లలో దొరకును. ధనము గలవాడు కొనుక్కొని తొడుగుకొనుటలో తప్పు లేదు. వేషమంతయు స్వయముగా చేసిననే ప్రవేశమనుట మూర్ఖత. కాని అట్టివానికి ఈ వినోదము రెండు దినములే. తక్కిన ఏడాది ఖాళీ. చేసికొనువానికి ఏడాది యంతయు దొరకును. చిన్నదానితో మొదలుపెట్టినచో ఖర్చును స్వల్పమే: అమ్మమ్మ విడిచిన పట్టుచీర జరీ అంచు, అరిగిన దుప్పటి, పుస్తకముల పెట్టె అట్ట, తెగిన హారపు పూసలు. మొదటి యేడు నడికట్టు ఒక్కటి, రెండవ యేడు పైవస్త్రము, మూడవ యేడు కవచము. ఈ విధముగా పోవువాడు మూడేండ్లకు వేషమును, మూడు విద్యలను సంపాదించును. మొదటనే రెక్కలు గల మహావీరుని తలపెట్టినవాని గదిలో సగము రెక్క ధూళి పట్టియుండును.

సభలు లేని దినములలో వేషములు పెట్టెలోనే యుండనక్కఱలేదని చూపినవారు కొందఱు కలరు. అమెరికాలో 1997లో ఆల్బిన్ జాన్సన్ అను నతడు స్థాపించిన '501వ లీజియన్' అను సంఘమువారు స్టార్ వార్స్ చలనచిత్రములలోని తెల్లకవచపు సైనికుల వేషములను, అట్టివే మఱికొన్నిటిని ధరింతురు. అందు చేరగోరువాడు తన వేషము ప్రతి భాగమునందును సంఘపు ప్రమాణములకు సరిపోవునని నిరూపింపవలెను. శిరస్త్రాణము మొదలు పాదరక్ష వఱకు ఏది యెట్లుండవలెనో వ్రాసిన పట్టికలు కలవు. చిత్రములలో వీరందఱు దుష్టపక్షమువారు. కాని ఈ దుష్టసైనికులు ఆస్పత్రులకు పోయి, మంచములపై నున్న పిల్లలను పలుకరింతురు. ధర్మకార్యములకు ధనము కూర్తురు. పట్టికలోని ప్రతి నియమమును అంత పట్టుదలతో పాటించుటకు కారణము అచ్చట తెలియును. పెద్దవారు లోపమును మన్నింతురు గాని, ఆ సైనికుని వందసార్లు చూచిన బిడ్డ మన్నింపడు.

సభాదినముననైనను నిర్మాత సూదిని ఇంట విడిచి పోడు. దారము, పిన్నీసులు, జిగురు, చిన్న కత్తెర గల సంచి వెంటనుండును. నడవలో ఒకని భుజకవచము ఊడినచో, ఎన్నడును ముఖమెఱుగని ముగ్గురు చుట్టు మోకరించి కుట్టుట అచ్చట సామాన్యదృశ్యము.

తిరిగివచ్చిన రాత్రి అలసటచే ఎవరును ఏమియు చేయరు. మఱునాడు పని యున్నది. చెమటకు తడిసిన గుడ్డలను వెంటనే ఉతికి నీడన ఆరవేయవలెను. నురుగుకవచమును తడిగుడ్డతో తుడిచి, ఒకదానిపై నొకటి పేర్చక, లోపల పాతకాగితములు కూరి ఎండ తగలని చోట నుంచవలెను. లేనిచో మూడు నెలలలో అది చదునై పోవును. విడిన అతుకులను అంటింపవలెను. కత్తిరించిన ముక్కలు సంచిలోనికి పోవును. వేషపు కాగితపు కొలతలను మడిచి, పైన పాత్ర పేరు, సంవత్సరము, ధరించినవాని నడుము, భుజము, నిడివి వ్రాసి భద్రపఱతురు. ఆ వ్రాసిన అంకెలు ఎదుగుచున్న పిల్లల విషయమున ఎక్కువకాలము నిలువవు. మఱుసటి యేడు టేపు పట్టుకొన్నపుడు భుజము రెండు సెంటీమీటర్లు పెరిగియుండును. కాగితమును మరల గీయవలసివచ్చును.